యాష్టకొచ్చిన పానం

నల్లగొండలోగానీ పాలమూరులోగానీ పని చేసి చేసి మనసు విరిగిన మనిషి నోటి నుంచి ఒక మాట వస్తుంది: "పానం యాష్టకొచ్చింది." కోస్తా స్నేహితులు మొదటిసారి విన్నప్పుడు ఇది ఉర్దూ మాటేమో అనుకుంటారు. బేజారు, పరేషాను, హైరానా అన్నీ ఫారసీ ఇంటి నుంచి ఉర్దూ మీదుగా మా నోళ్లలోకి వచ్చినవే కనుక ఆ అనుమానం సహజం. యాష్ట మాత్రం అచ్చంగా తెలుగు పుట్టుకదేనని నా నమ్మకం. దాని వెనక ఉన్నది వేసట.

వేసరు అని ఒక పాత క్రియ ఉంది. అలయు పక్కన అలసట ఉన్నట్టే వేసరు పక్కన వేసట ఉంది. పాత నిఘంటువులు దీనికి అలసట, విసుగు అని రెండర్థాలూ కలిపి ఇస్తాయి. ఇప్పటి రచనలో ఈ ధాతువు "విసిగి వేసారి" అనే జంటలో తప్ప పెద్దగా కనబడదు. మా దిక్కున అది వేషం మార్చి బతికింది. తెలంగాణ పలుకులో మాట మొదటి "వే" చాలాచోట్ల "యా" అవుతుంది. వేప యాప అయింది, వేళ యాళ అయింది, వేసంగి యాసంగి అయింది. యాసంగి ఇప్పుడు సర్కారు ఉత్తర్వుల్లో, వడ్ల కొనుగోలు ప్రకటనల్లో దర్జాగా అచ్చవుతున్నది. అదే దారిలో వేసట యాసట కావాలి. ఇక నడిమి అచ్చును మింగేయడం మాకు అలవాటు. కొడుకు కొడ్కు, అడిగిండు అడ్గిండు, మునిగిండు మున్గిండు. అట్లా యాసట యాస్ట అయితే, ట పక్కకు వచ్చిన స నాలుక మడతకు లొంగి ష అయింది. కష్టం, నష్టం అనే మాటలు ముందే నోట్లో ఉన్నాయి కనుక ఆ పలుకు తేలికగా కుదిరింది. మా గడ్డ మీద పుట్టిన మాటకు ఇంతమాత్రం వంశావళి కట్టడం మన బాధ్యత అనుకుంటాను.

శబ్దం కన్నా నన్ను ఎక్కువ పట్టి నిలిపింది దాని వ్యాకరణం. జ్వరం వచ్చింది, ఏడుపు వచ్చింది, విసుగు వచ్చింది అంటాం. అక్కడ వచ్చేది జబ్బు. మనిషి ఉన్నచోటే ఉంటాడు. యాష్ట అట్లా రాదు. "యాష్ట వచ్చింది" అని మా దగ్గర ఎవరూ అనరు, "యాష్టకు వచ్చింది" అంటారు. ఇక్కడ వచ్చేది పానం, యాష్ట అది చేరిన చోటు. చేను కోతకొచ్చింది, పిల్ల ఈడుకొచ్చింది అనే మాటల వరస ఇది. కోతకు రావాలంటే చేను విత్తు నుంచి మొదలుపెట్టి ఎన్నో వారాలు ఎండకూ తడికీ నిలబడాలి. పొద్దున విత్తి మాపటికి కోతకు తెచ్చే రైతు ఎక్కడా లేడు. పానం కూడా ఒక్క రోజు పనితో యాష్టకు రాదు. ఈ విభక్తి ప్రత్యయంలో కాలం ఉంది, ఒక లెక్క ఉంది. యాష్టకొచ్చిందన్న మనిషిని "ఇవ్వాళ ఏమైంది?" అని అడిగితే మాట అర్థం కానట్టే. "ఎప్పటిసంది?" అని అడగాలి.

ఆ పానం అనే మాట కూడా మామూలుది కాదు. పుస్తకంలో ప్రాణమంటే ఊపిరి, జీవం. మా ఊళ్లలో పానమంటే ఒళ్లూ మనసూ విడదీయకుండా మొత్తం మనిషి. "పానం మంచిగ లేదు" అన్న మాట జ్వరానికీ సరిపోతుంది, బిడ్డను అత్తింటికి పంపిన రోజు తల్లికీ సరిపోతుంది. శరీరం వేరు, మనసు వేరు అని గీత గీసి ఆసుపత్రిలో రెండు గదులు కట్టిన వైద్యం పానంతో వచ్చిన మనిషిని ఏ గదికి పంపాలో తేల్చుకోలేక తరచు మొదటి గదికే పంపుతుంది.

ఈ పదచర్చకు నన్ను పురికొల్పింది ఒక పంచాయతీ కార్యదర్శి. నాకు తమ్ముని వరస అవుతాడు, పేరు అక్కరలేదు. 2018 పంచాయతీరాజ్ చట్టం వచ్చాక రాష్ట్ర ప్రభుత్వం 9,355 జూనియర్ పంచాయతీ కార్యదర్శుల పోస్టులు ప్రకటించింది. పరీక్ష రాసి నెగ్గిన యువతీయువకులు 2019 ఏప్రిల్‌లో ఊళ్లకు చేరారు. ఒక్క మనిషి మీద ఎంత పని పెట్టవచ్చో చూడాలంటే ఆ ఉద్యోగాన్ని చూడాలి. తెల్లారగానే ఊళ్లో ఉన్నట్టు యాప్‌లో హాజరు. మోరీలు, చెత్త ట్రాక్టరు, డంపింగ్ యార్డు, నర్సరీ, ఇంటి పన్ను, జనన మరణాల నమోదు, వైకుంఠధామం అనే శ్మశానం, ఎన్నికల డ్యూటీ. నాటిన మొక్కల్లో నూటికి 85 బతకాలని చట్టంలోనే రాశారు. బతకకపోతే సర్పంచి మీదా కార్యదర్శి మీదా చర్య. దేవరకొండ, అచ్చంపేట దిక్కు ఎండాకాలంలో మనుషులకే నీళ్లు ట్యాంకరులో వచ్చిన రోజులు తెలిసినవాళ్లకు ఆ 85 అంటే ఏమిటో విడమరచి చెప్పనక్కరలేదు. మూడేళ్లన్న ప్రొబేషన్ నాలుగేళ్లయింది. 2023 ఏప్రిల్ 28 నుంచి వాళ్లు సమ్మెకు దిగారు. ఉద్యోగం పర్మనెంటు చేయాలన్నది వాళ్ల డిమాండు. ఆ డిమాండు కింద ఇంకొక మాట ఉందని మా తమ్ముడు చెప్పాడు. "అన్నా, పని కష్టమని గాదు. ఎంత జేసినా అయిపోదు, ఎవ్వలు మెచ్చరు. యాష్టకొచ్చిందే."

ఆ మాటల్లో మూడు సంగతులు ఉన్నాయి. అవే మూడింటిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో తన వ్యాధుల వర్గీకరణ పదకొండో కూర్పులో బర్నౌట్ కింద రాసింది: సత్తువ ఉడిగిపోవడం, పని మీద మనసు విరిగి దూరం జరగడం, చేసే పనిలో పట్టు తగ్గడం. పనిచోట ఎడతెగకుండా సాగి, అదుపులోకి రాని ఒత్తిడి వల్ల ఇది కలుగుతుందని అందులో ఉంది. దీన్ని రోగాల జాబితాలో పెట్టలేదు. వృత్తికి సంబంధించిన స్థితిగా నమోదు చేసి, జీవితంలోని తక్కిన బాధలకు ఈ పేరు వాడవద్దని కూడా చెప్పింది. ఆ ఇంగ్లీషు మాట శాస్త్రంలోకి వచ్చి ఎంతో కాలం కాలేదు. న్యూయార్కులో పేదల కోసం నడిచిన ఒక ఉచిత క్లినిక్‌లో, పగలు తన ప్రాక్టీసు చూసుకుని రాత్రిళ్లు అక్కడ స్వచ్ఛందంగా పనిచేసిన మనస్తత్వవేత్త హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్, తనతోపాటు పనిచేసేవాళ్లు క్రమంగా ఆరిపోవడం చూసి 1974లో దాని మీద వ్యాసం రాశాడు. తర్వాత క్రిస్టినా మాస్లాక్, సూజన్ జాక్సన్ 1981లో దాన్ని కొలిచే ప్రశ్నావళి తెచ్చారు. అలసట ఒక్కటే కొలిస్తే చాలదని, పని మీదా మనుషుల మీదా పుట్టే వైముఖ్యాన్ని కూడా కొలవాలని వాళ్లు పట్టుబట్టారు. మన వేసటలో ఆ రెండూ ఎప్పటి నుంచో ఒకే కాడికి కట్టి ఉన్నాయి. అలసట నిద్రతో తీరుతుంది. విసుగు ఊరు మారితే తీరుతుంది. రెండూ పెనవేసుకున్నది రెంటితోనూ తీరదు, అందుకే దానికి వేరే పేరు కావలసి వచ్చింది.

మూడోదైన పట్టు తగ్గడానికి మా మాట "శాతనైతలేదు". చేతనవడం అంటే చేయగలగడం. తెలంగాణలో శాతనైతలేదంటే ఒంట్లో బాగాలేదని అర్థం. ముసలవ్వ మంచంలో ఉంటే "అవ్వకు శాతనైతలేదు" అంటారు, ఆ మాటలో రవంత చిన్నతనం లేదు. కానీ అదే కాండం నుంచి మొలిచిన ఇంకో కొమ్మ ఉంది: శాతగానోడు. అది తిట్టు. ఇంట్లో తల్లికి చెబితే శాతనైతలేదు అన్నది జాలిని తెస్తుంది. అదే సంగతి ఆఫీసులో పైవాడికి చెబితే శాతగానోడు అయిపోతుంది. మా వాళ్లు సాయం అడగడానికి ఏళ్లకు ఏళ్లు ఆలస్యం చేయడానికి కారణం ఈ రెండు మాటల మధ్య ఉన్న సందే అని నాకు గట్టిగా అనిపిస్తుంది. ఊరి నుంచి మొదటి ఉద్యోగం చేసేవాడు, ఇంటి మొత్తానికి ఒక్కడే నౌకరి ఉన్నవాడు, గచ్చిబౌలిలో రాత్రి షిఫ్టు చేస్తూ శనివారం కల్వకుర్తి బస్సెక్కే ఆడపిల్ల, వీళ్లందరూ నోరు మూసుకునేది ఆ తిట్టు భయంతోనే.

ఈ మౌనం కొత్తది కాదు. పాలమూరు లేబర్ అన్న పేరు దేశమంతా తెలుసు. గుంపుమేస్త్రి దగ్గర ముందుగా తీసుకున్న అడ్వాన్సుకు కట్టుబడి, దూర ప్రాంతాల ప్రాజెక్టుల దగ్గర మట్టి మోసి కాలువలు తవ్విన ఆ తరాలకు యాష్టకొచ్చిందని చెప్పుకునే చెవి దొరకలేదు. అప్పు తీరేదాకా పానం ఎక్కడికి వచ్చినా కాళ్లు పని దగ్గరే ఉండాలి. నల్లగొండ పల్లెలు వెట్టి మీద తిరగబడింది 1946లో. కడవెండిలో దొడ్డి కొమరయ్య తూటాకు బలైంది ఆ ఏడు జూలై 4న. ఆ చరిత్ర ఉన్న ప్రాంతం గనుక, ఇక్కడ ఎవరైనా తమ ఉద్యోగాన్ని "వెట్టిచాకిరి" అంటే ఆ మాటకు బరువుంటుంది. దాన్ని తేలికగా వాడడం నాకు నచ్చదు. జీతం వచ్చే ఉద్యోగంలోని యాష్టను వెట్టితో ముడివేస్తే వెట్టి చేసినవాళ్లకు అన్యాయం చేసినట్టు. యాష్ట తన పేరుతోనే చాలినంత బాధ.

యాష్టను దాని పక్కవాటి నుంచి వేరు చేసి చూడాలి. రంది ఒకటుంది. రంది ఎప్పుడూ ఒకరి మీద, ఒకదాని మీద ఉంటుంది: దుబాయికి పోయిన కొడుకు రంది, అప్పు రంది, పిల్ల పెండ్లి రంది. బుగులు ఇంకొకటి, అది రాబోయేదాని భయం. అన్నిటికన్నా లోతైనది మనాది. సంస్కృతంలో వ్యాధి ఒంటిది, ఆధి మనసుది. అమరకోశం ఆధిని మనసు పడే వ్యథగానే చెబుతుంది. మనసు, ఆధి కలిసి మా ఊళ్లలో మనాది అయ్యాయనుకుంటాను. మనాది పట్టిన మనిషి చిక్కిపోతాడు, తిండి మీద ధ్యాస పోతుంది, పండుగ వచ్చినా మొఖం విప్పడు. "మనాదితోటే పోయిండు" అని చావుకు కారణంగా చెప్పడం మీరు వినే ఉంటారు.

యాష్టకూ మనాదికీ తేడా ఏమిటంటే, యాష్టకు ఎదురుగా ఒక వస్తువు ఉంటుంది. "దేనితోని?" అంటే జవాబు దొరుకుతుంది: ఈ యాప్‌తోని, ఈ సారుతోని, ఈ టార్గెట్లతోని. ఆ వస్తువు పక్కకు జరిగితే, నాలుగు రోజులు సెలవు దొరికితే, మనిషి చెల్లె పెండ్లిలో నవ్వుతాడు. మనాది పట్టినవాణ్ని "దేనితోని?" అంటే "ఏమో" అంటాడు. సెలవు ఇచ్చినా, ఊరు మార్చినా అది వెంట వస్తుంది. మానసిక వైద్యులు బర్నౌట్‌కూ డిప్రెషన్‌కూ మధ్య వెదికే గీత దాదాపు ఇదే. ఒకటి ముదిరి రెండోది కావచ్చు. రెండూ ఒకే మనిషిలో ఉండవచ్చు కూడా. అందుకే మొదటి రోజు ఎదురుగా కూర్చున్న సైకాలజిస్టు "డిప్రెస్డ్‌గా ఉందా?" అని అడిగి అవునో కాదో గీత కొట్టుకోవడం కన్నా, "యాష్టకొచ్చిందా, మనాది పట్టిందా?" అని అడిగితే పాలమూరు మనిషి క్షణం ఆగి నిజం చెబుతాడు. మొదటిదైతే పని గంటల గురించి, పైవాళ్లతో మాట్లాడవలసిన మాటల గురించి, కాదనడం ఎట్లాగో దాని గురించి సంభాషణ సాగాలి. రెండోదైతే నిద్ర, ఆకలి, బతుకు మీది ఇచ్ఛ అడగాలి. మందు అవసరమేమో సైకియాట్రిస్టు చూడాలి. ఏ ప్రశ్నావళికైనా ఈ రెండు మాటలు మంచి ముందుమాట అవుతాయి.

అక్కడిదాకా మనిషి చేరడమే కష్టం. యాష్టకొచ్చిన పానం ముందుగా పోయేది ఊళ్లో వైద్యం చేసే ఆరెంపీ దగ్గరికి. నీరసమంటాడు, కాళ్లు గుంజుతున్నాయంటాడు, తల బరువంటాడు. ఒక సెలైన్ సీసా ఎక్కుతుంది, బలానికి ఒక సూది పడుతుంది. ఆ గంట పడుకోవడం వల్ల కొంత హాయిగానే ఉంటుంది. ఎవరూ పిలవని ఒక గంట దొరికింది గదా! మరుసటి వారం మళ్లీ అదే సీసా. దాన్ని నేను తప్పుపట్టలేను, ఆ మనిషికి తెలిసిన తలుపు అదొక్కటే.

రెండో తలుపు పేరు కౌన్సెలింగ్. ఈ మాటకు మన చెవుల్లో ముందే రెండు అర్థాలు స్థిరపడి ఉన్నాయి. ఒకటి ఎంసెట్‌ది: ర్యాంకు కార్డు పట్టుకుని సీటు కోసం పోవడం. పరీక్ష పేరు ఎప్సెట్‌గా మారినా సీట్ల కౌన్సెలింగ్ ఆ పేరుతోనే ఉంది. రెండోది ఠాణాది: తాగి బండి నడిపినవాణ్ని, ఆలుమగల పంచాయితీని, ఆడపిల్లల వెంటపడ్డ పోరగాణ్ని పోలీసులు కూర్చోబెట్టి బుద్ధి చెప్పడం. "కౌన్సెలింగ్ ఇచ్చి పంపిన్రు" అన్న వార్త రోజూ పేపర్లో ఉంటుంది. ఈ రెండు అర్థాల మధ్య పెరిగిన మామకు కోడలు "ఈయనను కౌన్సెలింగ్‌కు తీసుకపోతున్న మామా" అంటే, "మావోడు ఏం తప్పు జేసిండు?" అని ఆయన లేచి నిలబడడంలో ఆశ్చర్యం ఏముంది?

కోచింగ్ సంగతీ అంతే. ఉద్యోగంలో దారి చూపే వర్క్ కోచ్‌లు హైదరాబాదులో చాలామంది ఉన్నారు. నల్లగొండ పిల్లలకు మాత్రం కోచింగ్ అంటే అశోక్‌నగర్, దిల్‌సుఖ్‌నగర్. గ్రూప్స్, డీఎస్సీ, కానిస్టేబుల్ పరీక్షల కోసం గదిలో నలుగురు పడుకుని చదివిన ఏండ్లు. ఆ కోచింగ్‌తోనే సగం యాష్టకొచ్చి ఉద్యోగంలో చేరినవాడికి మళ్లీ కోచింగ్ అంటే ఇంకో పరీక్షలా వినబడుతుంది. ఇక్కడ ఒక సంగతి తెలిసి ఉండడం మంచిది. క్లినికల్ సైకాలజిస్టుకు భారత పునరావాస మండలి నమోదు ఉంటుంది. సైకియాట్రిస్టు వైద్య పట్టా ఉన్న డాక్టరు, మందు రాయగలడు. కోచ్ అనే పేరు పెట్టుకోవడానికి మన దేశంలో అట్లాంటి నమోదు ఏదీ అక్కరలేదు. పని సర్దుకోవడానికి, రోజును కుదుర్చుకోవడానికి మంచి కోచ్ ఉపయోగపడతాడు. మనాదికి ఆయన దగ్గరికి పోకూడదు.

కౌన్సెలింగ్ గదిలో జరిగేదానికి మా దగ్గర సరైన మాట ముచ్చట. కోస్తాలో ముచ్చట అంటే ముద్దు, వేడుక. తెలంగాణలో ముచ్చటంటే మాట, ఎవరూ తొందరపెట్టకుండా సాగే మాట. "కూసో, ముచ్చట పెట్టుకుందాం" అని పిలిస్తే ఎవరూ తప్పు చేసినట్టు లేచి నిలబడరు. వారానికి ఒకసారి, ముప్పావుగంటో గంటో, బయటికి పొక్కని ముచ్చట. వినే మనిషి చదువుకున్నవాడు, నీ చుట్టం కాడు, నీ గురించి నీ పైఅధికారికి చెప్పడు. మా తమ్మునికి నేను ఇట్లాగే చెప్పాను. మొదటి రోజు పోయి వచ్చి ఆయన అన్నది ఒక్కటే: "ఆమె నన్ను ఏం బోధ జెయ్యలే అన్నా. ఎప్పటిసంది అని అడిగింది." ఆ ప్రశ్న వేసిన మనిషికి మా మాట తెలుసునో లేదో గానీ, యాష్టను అడగవలసిన తీరున అడిగింది.

ఊరి మాటలను ఏరి దాచే పని మనకు కొత్తది కాదు. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారి సారథ్యంలో 1962లో మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం వ్యవసాయ పదాలతో వచ్చింది. చేనేత పదాల సంపుటం 1971లో వచ్చింది. మగ్గాల దగ్గరి మాటలు నాగలి, గుంటక మాటల పక్కన భద్రంగా ఉండడం గొప్ప సంగతి. పనిముట్టు పేరును అంత జాగ్రత్తగా ఏరిన చేతులు పనిచేసేవాడి బాధ పేర్లను కూడా ఊరూరా ఏరాలి. యాష్ట, రంది, బుగులు, మనాది, శాతనైతలేదు: ఏది ఎవరు ఎప్పుడు అంటారో, ఏ జిల్లాలో దేనికి అర్థం ఎట్లా జరుగుతుందో రాసిపెట్టిన ఒక చిన్న పుస్తకం నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రభుత్వ వైద్య కళాశాలల్లో మానసిక వైద్య విభాగం బల్ల మీద ఉండాలి. అక్కడికి వచ్చే మెడికోల్లో చాలామంది ఇతర జిల్లాలవాళ్లు. వాళ్లకు "పానం" అర్థమయ్యేలోపు రోగి మందుల చీటీతో బయటికి పోతాడు.

అప్పటిదాకా చేయగలిగింది ఒకటి ఉంది. 2022 అక్టోబర్ 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినాన, కేంద్ర ప్రభుత్వం టెలీ మానస్ మొదలుపెట్టింది. నంబరు 14416. పైసా ఖర్చు లేదు, రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగుతో కలిపి ఇరవై భాషల్లో మాట్లాడవచ్చు. బతుకు మీదే ఇచ్ఛ పోయినట్టుంటే ఇవ్వాళే చేయాలి. యాష్టే అయితే కూడా చేయవచ్చు, ఇంత చిన్నదానికా అని వెనకాడనక్కరలేదు. అవతలి మనిషి ఎత్తగానే ఇంగ్లీషు మాట కోసం వెదకకండి. మీ ఊరి మాటలోనే "పానం యాష్టకొచ్చింది" అనండి. వాళ్లకు తెలియకపోతే అర్థమేమిటని వాళ్లే అడుగుతారు, అప్పుడు ఎప్పటిసంది మొదలైందో అక్కణ్నుంచి చెప్పండి.